పుట్టీ లెక్క

లారీల వెనక నెమళ్లు వేసేవాణ్ని నేను.
సెప్టెంబరు ఒకటికి పండగ, నాలుగు రోజుల్లో అయిపోవాలని
నెల్లిమర్ల నుంచి కబురు పెట్టాడు కమిటీ రాయప్ప:
"జింకసామికి రంగు పోయింది.
మోకాలి కింద ఒక చిల్లుంది, పుట్టీ కొట్టి పూడ్చెయ్యి.
విశాఖ నుంచి పెద్దవాళ్లొస్తున్నారు, బాగోదు."

గుడి అంటే ఒక గది, రేకుల కప్పు.
వెనక చంపావతి.
ముందే కోసి నానేసిన గోగుకట్టల కంపు
కిటికీలోంచి వచ్చి బెంచీల మీద కూచుంది.

బొమ్మ నా నడుం దాకా.
ముసలాయన. పక్కన లేడి.
లేడి మెడ మీద ఆయన చెయ్యి.
ఉప్పుకాగితంతో గీకుతుంటే
ఒక్కో ఏడూ పొడిగా రాలింది:
నిరుటి గోధుమరంగు,
దాని కింద ఎలక్షన్ గోడలకి కొన్నాక మిగిలిన పసుపు,
దాని కింద, మిల్లు లాకౌటు ఏడాది,
రైలు గేటుకి వేసే ఎరుపు.
ఎవరు తెచ్చారో ఎవరూ అడగలేదట.
అన్నిటికీ అడుగున చెక్క. పనస కాదు, అంకుడు కాదు,
ఏ ఓడలో వచ్చిందో, వాసన మరిచిపోయిన చెక్క.

చిల్లు చూశాను.
చెదలు కాదు. మేకు ఊడిందీ కాదు.
కావాలని చెక్కింది.
లోపల నల్లటి నునుపు,
బొటనవేలు సరిగ్గా పట్టేంత.

"అది ముట్టకు బాబూ" అంది వెనక నుంచి ఇన్నాసమ్మ.
మిల్లులో ముప్పయ్యేళ్లు. కుడిచేతికి మూడే వేళ్లు.
చీపురు గోడకి ఆనించి కూచుంది.

"పన్నెండొందలేళ్ల కిందటి మాటట. పరాసుల దేశంలో అడివి.
ఈయన పేరు ఏజీదు. మా నోళ్లు తిరక్క జింకసామన్నాం.
గుహలో ఉండీవోడు. ఎవులితోటీ మాటాడీవోడు కాడు.
ఈ లేడొచ్చి పాలిచ్చి ఎలిపోయీదట.
ఓనాడు రాజు యేటకొచ్చినాడు. కుక్కలు తరిమితే
ఇది పరిగెట్టుకొచ్చి ఈయన ఒల్లో దూరిపోనాది.
రాజు సూడకుండా పొదలోకి బాణమొగ్గేసినాడు.
లేడికి తగల్లేదు."

ఆగింది. మిగతాది చెప్పక్కర్లేదన్నట్టు
చిల్లు వైపు చూసింది.

"రాజు కాళ్ల మీద పడి, వైద్దుల్ని తోలతానన్నాడట.
వొద్దన్నాడట ఈయన. బతికినన్నాళ్లూ కుంటినాడట."

"ఎందుకొద్దన్నాడు?" అన్నాను బ్రష్షు కడుగుతూ.

"నాకేటి తెలుసు?
మిల్లు డాక్టరు నన్నూ అడిగినాడు, నీకేటి కావాలని.
బాకీ జీతం అడిగినాను."
నవ్వింది.
నేను నవ్వాలో లేదో తెలియలేదు.

పనివాణ్ని. సాయంత్రం రాయప్ప వచ్చి ఎదురుగా నిలబడితే
పుట్టీ కొట్టాను. ఆరీ ఆరకుండా రెండు పూతలు.
మోకాలు అద్దంలా వచ్చింది.
పెద్దవాళ్లు ఫొటోలు తీసుకున్నారట.

పండగ రాత్రి నేనూ వెళ్లాను, డబ్బులకి.
కొవ్వొత్తుల వెలుగులో వరస:
చంకకర్రల మీద వచ్చినవాళ్లు,
ఎడ్లబండి కింద కాలు పోయినవాడు,
నెలలు నిండిన పిల్ల ఒకత్తి,
పాల పాకెట్టు తెచ్చి లేడి మూతి దగ్గర పెట్టిన కుర్రాడు.
ఒక్కొక్కరూ వంగి
బొటనవేలితో తడుముతున్నారు, అక్కడే,
కళ్లతో పని లేకుండా.
నూనె చేతులు. చెమట చేతులు.
నా పచ్చి పూత ముడతలు పడటం చూశాను.
ఎవరూ ఏమీ అనలేదు.
ఇంకాస్త గట్టిగా అదిమారు.

ఈ ఏడు ఆగస్టులో మళ్లీ కబురు.
వెళ్లి చూస్తే చిల్లు చిల్లులాగే ఉంది,
కొంచెం లోతైంది కూడా.
కింద పీట మీద తెల్లటి పొడి.
తుడవడానికి ఇన్నాసమ్మ లేదు, మే ఎండల్లో పోయిందట.
చీపురు మాత్రం గోడకి ఆనించే ఉంది.

ఎస్టిమేటు రాశాను.
లేడికి గోధుమరంగు: పావు లీటరు.
అంగీకి నలుపు: అర.
పుట్టీ దగ్గర అడ్డంగా ఒక గీత గీసి
రాయప్పకిచ్చాను. చదివాడు.
మడిచి జేబులో పెట్టుకునేముందు
బొమ్మ దగ్గరికెళ్లి, అటూ ఇటూ చూసి, వంగాడు.
నేను చూడట్లేదనుకున్నాడు.